విమానానికి వాహన పూజ

ఆ రోజుల్లో మా బాన్సువాడలో కరెంటు కొత్తల్లుడి లాంటిది. ఎప్పుడొస్తుందో చెప్పేది కాదు, వచ్చినా ఎంతసేపుంటుందో తెలిసేది కాదు, ఉన్నంతసేపూ ఇంటిల్లిపాదీ దాని ముఖం చూస్తూ గడపాలి. అది అలిగి వెళ్లిపోయిన వేళల్లో ఊరి పనులు నడిపించినవి బ్యాటరీలే. లారీలకు, ట్రాక్టర్లకు, పెళ్లిళ్లలో మైకుసెట్లకు, తీగ చేరని తండాల్లో రేడియోలకు అవే ఆధారం. ఆ బ్యాటరీలకు తిరిగి ప్రాణం పోసేది బస్టాండు దగ్గర, రేకుల కప్పు కింద ఉన్న మా మేనమామ దుకాణం. ఇంటర్మీడియట్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి ధైర్యం చాలక ఇంట్లో కూర్చున్న నన్ను మా అమ్మ తీసుకొచ్చి ఆ దుకాణంలో అప్పగించింది. చదువబ్బని మేనల్లుడికి మేనమామే దిక్కని మా వైపు ఒక నమ్మకం. మేనమామకు ఎవరు దిక్కో మాత్రం ఎవరూ ఆలోచించరు.

అక్కడ నా పని గొప్పగా చెప్పుకోదగ్గదేమీ కాదు. వచ్చిన బ్యాటరీ మూతలు విప్పడం, నీళ్లు తగ్గితే పోయడం, వరుసగా చార్జింగుకు కలపడం, ఆ తర్వాత లోపల బుడగలు వస్తున్నాయా లేదా అని వంగి చూస్తూ కూర్చోవడం. (బుడగలు చూస్తూ యవ్వనం గడిపినవాళ్లకు ప్రభుత్వం ఏదైనా పింఛను ఇచ్చేటట్టయితే మొదటి అర్జీ నాదే.) యాసిడ్ చుక్కలు పడి నా బట్టలన్నీ జల్లెడలయ్యాయి. "వీనికి పిల్లనెవరిస్తరే? తొడుక్కున్న అంగీలకెళ్లి ఒళ్లంత కనవడుతుంది" అని అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. నా స్వభావమూ అందుకు తగ్గట్టే ఉండేది. ఎండ కాస్తే వాన ఎగ్గొడుతుందని దిగులు, వాన పడితే కప్పు కారుతుందని దిగులు. ఏ పని మొదలుపెట్టినా "ఇది అయ్యేటట్టు లేదు" అని ముందుగా అనేవాణ్ణి. చాలాసార్లు అది నిజమయ్యేది కూడా, కానీ దానికి నన్నెవరూ మెచ్చుకోలేదు.

మామ నాకు పూర్తిగా విరుద్ధం. ఆయనకు ప్రపంచంలో రెండింటి మీద గట్టి నమ్మకం. ఒకటి, బ్యాటరీలో బలమెంతుందో చూపే గాజు గొట్టం. రెండోది దేవుడు. దసరా వచ్చిందంటే లారీలు, జీపులు, ట్రాక్టర్లు దుకాణం ముందు బారులు తీరేవి. పసుపు, కుంకుమ, టైర్ల కింద నిమ్మకాయలు, ఎదురుగా గుమ్మడికాయ. పూజ చేయించే పంతులు వేరే ఉన్నా, షరతులు మాత్రం మామవే. బండి లైట్లు వేశాకే పూజ మొదలుపెట్టాలి, హారతి అయ్యేదాకా వాటిని ఆర్పకూడదు. "బండికి లైట్లే కండ్లురా. పూజ నడుమల కండ్లు మూస్తే అరిష్టం" అనేవాడు. ఇంజిన్ నడుస్తూనే ఉండేది, డైనమో ఎప్పటికప్పుడు బ్యాటరీని నింపుతూనే ఉండేది. అందువల్ల ఆ ఆచారంతో ఎన్నడూ ఎవరికీ నష్టం జరగలేదు. జరిగి ఉంటే బాగుండేది. ఒక్క లారీ అయినా ఒక్క దసరాకైనా మొరాయించి ఉంటే మా మామకు ముందే బుద్ధొచ్చేది, మాకు ఆ తర్వాతి కథ తప్పేది.

మా అక్కను పిట్లం దారిలో ఉన్న ఒక పల్లెకు ఇచ్చారు. బావ మంచివాడే కానీ మాటల్లో మహా పిసినారి. ఏమడిగినా "ఊ" అనేవాడు, మరీ పెద్ద విషయమైతే "చూద్దాం" అనేవాడు. అంతకుముందు వరుసగా వరి దెబ్బతినడంతో ఆ ఏడు ఉన్న భూమంతా చెరుకు పెట్టాడు. చెరుకు మనిషెత్తు దాటి పెరిగాక, ఆకుల రసం పీల్చే పురుగు పట్టింది. ఆకు పసుపుబారి, దానిమీద జిగురు పేరుకుని, ఆ జిగురు మీద మసి పూసినట్టు నలుపు కమ్మింది. వీపుకు పంపు తగిలించుకుని మందు కొడదామంటే ఆ అడవిలోకి మనిషి దూరలేడు. ఒకరోజు అన్నం తింటూ బావ, పెద్దగా ఏమీ చెప్పనట్టుగా, "గీ చెరుకు పోతే నేను దుబాయి పోత" అన్నాడట. మా జిల్లాలో అప్పుడప్పుడే ఆ గాలి వీచడం మొదలైంది.

అక్క చంటిపిల్లను చంకనేసుకుని బస్సెక్కి నేరుగా దుకాణానికి వచ్చింది. "మామా, ఆయన ఊకె అనెటోడు గాదు. నిజామాబాద్ పోయి పాస్‌పోర్టు సంగతి గూడ అడిగొచ్చిండు. గంత దూరం పోతే మళ్ల ఎన్నడొస్తడో, ఈ పిల్ల తండ్రిని గుర్తువడుతదో లేదో" అని అక్కడే, యాసిడ్ సీసాల పక్కన కూర్చుని ఏడ్చింది. మామ చేతులు తుడుచుకుని ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా. పైకెళ్లి మందు చల్లే విమానం వస్తున్నదట. నీ చెరుకు బతుకుతది, అల్లుడు యాడికి పోడు. నేనున్న గదా" అన్నాడు. విమానానికీ మామకూ సంబంధమేమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఆయన అలా అన్నాక అక్క కళ్లు తుడుచుకుని, చాయ్ తాగి, తిరుగు బస్సెక్కింది. నేను మాత్రం "ఇది అయ్యేటట్టు లేదు" అనుకున్నాను.

విమానం నిజంగానే వచ్చింది. ఊరి బయట గుట్ట పక్కన బీడు చదును చేసి, రాళ్లకు సున్నం కొట్టి దారి గుర్తులు పెట్టారు. ఒక సాయంత్రం అది తేనెటీగలా మోత పెట్టుకుంటూ వచ్చి అక్కడ దిగింది. మర్నాడు పొద్దున గాలి లేవకముందే మా వైపు చెరుకు మీద మందు చల్లి, మధ్యాహ్నానికల్లా మద్నూర్ వైపు వెళ్లిపోవాలని వాళ్లకు ఆజ్ఞ. మందు పడాల్సిన ప్రతి పొలం చివరా తెల్లగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని ఒక మనిషి నిలబడాలి. పైనున్న పైలట్‌కు అదే గుర్తు. మా బావ తెల్లవారకముందే తన పొలం గట్టున కర్ర పట్టుకుని నిలబడ్డాడని తర్వాత అక్క చెప్పింది.

మామా నేనూ పొద్దున్నే సైకిలు మీద బీడుకు చేరేసరికి సగం బాన్సువాడ అక్కడే ఉంది. దగ్గరనుంచి చూస్తే విమానం నన్ను నిరుత్సాహపరిచింది. రెక్కలు తీసేస్తే మా ఊరి వ్యాను కంటే పెద్దదేమీ కాదు. మామ మాత్రం దాని చుట్టూ ప్రదక్షిణం చేసి, విమానంతో వచ్చిన మెకానిక్ సాబును పట్టుకుని మొదట అడిగిన ప్రశ్న, "బ్యాటరీ యాడుంటది సాబ్?" అని. ఆయన పరాయి రాష్ట్రం మనిషి, ఉర్దూ వచ్చినవాడు, మర్యాదస్తుడు. మూత తెరిచి చూపించాడు. ఇరవైనాలుగు వోల్టులది, చక్కగా తుడిచి పెట్టిన పెట్టె. ఇంజిన్‌ను మొదటిసారి తిప్పేవరకే బ్యాటరీ పని అనీ, అది ఒకసారి అందుకున్నాక దానికి తగిలించిన జనరేటరే రేడియోకు, లైట్లకు, మీటర్లకు కరెంటు తయారుచేసి ఇస్తూ బ్యాటరీని కూడా తిరిగి నింపుతుందనీ చెప్పాడు. "అంటే మన లారీ లెక్కనే!" అని మామ ఆనందంతో నా వీపు చరిచాడు. ఆ క్షణం నుంచి విమానం ఆయనకు బంధువైపోయింది. తర్వాత మెకానిక్ సాబు పెట్రోలు డ్రమ్ముల కోసం జీపెక్కి ఊళ్లోకి వెళ్లాడు. ఆయన వెళ్లకుండా ఉండాల్సింది.

విమానం ఎగిరేముందు కొబ్బరికాయ కొట్టడానికి పదవిలో ఉన్న ఒక పెద్దసారు వస్తానని కబురు పంపాడు. సూర్యోదయానికి వస్తానన్నాడు. (పెద్దసార్ల సూర్యుడు మన సూర్యుడి కంటే ఆలస్యంగా ఉదయిస్తాడని అప్పటికింకా నాకు తెలియదు.) పసుపు కుంకుమలు పెట్టారు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, ముక్కుకు బంతిపూల దండ కట్టారు. అన్నీ చూసుకున్న మామకు ఒక్క లోటు కనిపించింది. వెళ్లి పైలట్ సాబుకు నమస్కారం పెట్టి, "సాబ్, బత్తీ జలానా. పూజా హై. హమారా రివాజ్ హై" అన్నాడు. పైలట్ కుర్రవాడు, నవ్వుముఖం. నవ్వుతూనే లోపలికి వంగి ఏదో మీట నొక్కాడు. రెక్కకున్న దీపం భగ్గున వెలిగింది. ఆడవాళ్లు దండం పెట్టారు. పైలట్ గడ్డం గీసుకోవడానికి డేరాలోకి వెళ్లిపోయాడు.

పెద్దసారు రాలేదు. తూర్పు ఎర్రబడింది, తెల్లబడింది, ఎండ వచ్చింది. పట్టపగలు ఆ దీపం వెలుగుతూనే ఉంది. నాకు అలవాటైన దిగులు మొదలై, "మామా, ఇంజిన్ నడుస్తలేదు గదా, బ్యాటరీ దిగిపోదా?" అన్నాను. నేను రోజూ పలికే అపశకునాల్లో అదీ ఒకటనుకున్నాడు. "విమానం బ్యాటరీరా అది! మబ్బులల్ల తిరిగేది. నీ మైకుసెట్టు బ్యాటరీ అనుకుంటున్నవా?" అని కసిరాడు. తర్వాత గొంతు తగ్గించి, "నడుమల ఆర్పొద్దురా. మీ అక్క చెరుకుకు మంచిది గాదు" అన్నాడు. ఇరవయ్యేళ్లుగా గాజు గొట్టంతో బ్యాటరీల బలం చూసిన మనిషి ఆ పొద్దు దాన్ని జేబులోంచి తియ్యనైనా తియ్యలేదు. నిజానికి మబ్బుల్లో తిరిగే బ్యాటరీ అంటే నాకూ కొంచెం భక్తి కలిగింది.

ఎట్టకేలకు పెద్దసారు జీపు వచ్చింది. ఆయన రైతుల గురించి మాట్లాడాడు, దేశం గురించి మాట్లాడాడు, రైట్ సోదరుల దగ్గరికి కూడా వెళ్లొచ్చాడు. ఆయన మాట్లాడుతుండగానే దీపం తెలుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి బీడీ కొసలా ఎరుపుకు దిగింది. కొబ్బరికాయ పగిలింది. హారతి పళ్లెం ముక్కు దగ్గరికి తీసుకెళ్లేసరికి పూర్తిగా ఆరిపోయింది. "సూశిండ్రా, హారతి కండ్లకద్దుకున్నది" అని ఒక ముసలవ్వ మురిసిపోయింది. మామ చెయ్యి మాత్రం జేబులోని గాజు గొట్టం మీదికి పోయింది. ఆయనకు అప్పుడే అర్థమైంది.

పైలట్ ఎక్కి మీట నొక్కాడు. 'టిక్' అంది. మళ్లీ నొక్కాడు. ఆ 'టిక్' కూడా లేదు. డ్రమ్ములతో తిరిగొచ్చిన మెకానిక్ సాబు లోపలికి తల పెట్టి చూసి బయటికి వచ్చి, "బత్తీ కిస్నే జలాయీ?" అని, దీపం వేసిందెవరని నెమ్మదిగా అడిగాడు. జనమంతా మామ వైపు చూశారు. మామ గుట్ట వైపు చూశాడు. "పూజా సాబ్" అన్నాడు చివరికి. మెకానిక్ సాబు తిట్టలేదు. తిడితే బాగుండేది. వెళ్లి మందు డ్రమ్ము మీద కూర్చుని రెండు చేతుల్లో తల పెట్టుకున్నాడు.

మా ఊరివాళ్లు మాత్రం అంత తేలిగ్గా ఆశ వదులుకునేవాళ్లు కాదు. "నూకుదాం పట్టుండ్రి!" అని ఒక లారీ క్లీనరు కేక పెట్టగానే పదిహేనుమంది లుంగీలు పైకి కట్టి రెక్కల మీద చేతులేశారు. మెకానిక్ సాబు పరుగెత్తుకొచ్చి, దీని చక్రాలకూ ఇంజిన్‌కూ సంబంధం లేదనీ, హైదరాబాద్ దాకా తోసినా ఇంజిన్ అందుకోదనీ చెప్పాల్సి వచ్చింది. జనం నోళ్లు వెళ్లబెట్టారు. "చక్రాలకు ఇంజిన్‌కు సంబంధం లేని బండి ఏం బండి?" అని క్లీనరు ఆ రోజంతా విమానాన్ని చిన్నచూపు చూశాడు. నేను సైకిలేసుకుని దుకాణానికి ఉరికాను. కరెంటు లేదు. ఆ పూట మా వంతు కాదట, సాయంత్రానికి వస్తే వచ్చినట్టట. తిరిగొచ్చి చెబితే మామ తల ఊపాడు, అంతే.

కాసేపటికి ఆయన లేచి మెకానిక్ సాబు దగ్గరికి వెళ్లాడు. రెండు ట్రాక్టర్లు నడిపిస్తూ వాటి బ్యాటరీలను ఒకదానికొకటి వరుసగా కలిపితే పన్నెండూ పన్నెండూ ఇరవైనాలుగు అవుతుంది గదా అన్నాడు. మెకానిక్ సాబు కూడా అదే ఆలోచిస్తున్నాడు. అయితే ఇంజిన్ తిరిగితే చాలదనీ, జనరేటరు కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలంటే బ్యాటరీ నుంచి దానికి కాస్త అందాలనీ, అందుకని ట్రాక్టర్లను కొంతసేపు అలాగే ఉంచి విమానం బ్యాటరీకి ప్రాణం పొయ్యాలనీ చెప్పాడు. బీడులో రెండు ట్రాక్టర్లు ఉండనే ఉన్నాయి. ఒకటి పెద్దపటేలుది, రెండోది చిన్నపటేలుది. ఇద్దరూ దాయాదులు. కాలువ నీళ్ల వంతు దగ్గర తండ్రుల కాలంలో పుట్టిన గొడవ కొడుకుల కాలానికి కోర్టుకెక్కింది. ఒకరి ఇంటి పెళ్లికి ఇంకొకరు పోరు. విమానం చూడటానికి కూడా ఒకరు తూర్పు కొసనా, ఇంకొకరు పడమటి కొసనా ట్రాక్టరు ఆపుకుని కూర్చున్నారు.

"నా బ్యాటరీ తీస్క పోయి వాని బ్యాటరీకి ముడేస్తవా?" అన్నాడు చిన్నపటేలు. "మా నాయిన పాణం పోయెటప్పుడు గూడ గా ఇంటి నీళ్లు ముట్టలే." పెద్దపటేలు కొంచెం మెత్తబడ్డట్టు కనిపించాడు కానీ, "సరే గని, ముంగట నాది ఉండాలె. వాని ఎనుక నేను నిలవడ" అన్నాడు. "కరెంటుకు ముంగట ఎనుక ఉండదు పటేలా" అని మామ బతిమాలాడు. "ఉండనప్పుడు నాది ముంగట పెడితే నీకేం పోతది?" అన్నాడు ఆయన. రెండు ట్రాక్టర్లు ఒకదానికొకటి ఎక్కడా తగలకూడదు, తగిలితే తీగలు కాలిపోతాయి అని మెకానిక్ సాబు హెచ్చరిస్తే, "గీ ఒక్క మాట మంచిగ చెప్పిండు" అని ఇద్దరూ ఆ రోజుకు మొదటిసారి ఏకమయ్యారు. ఇంకా బేరం తెగలేదు. పక్కన నిలబడి నేను నవ్వాపుకోలేక చస్తున్నాను. గుట్ట మీది చెట్ల ఆకులు మెల్లగా కదలడం మొదలైందని గమనించినవాడు మెకానిక్ సాబు ఒక్కడే.

అప్పుడు వచ్చాడు మా బావ. విమానం ఎంతకీ రాకపోయేసరికి తెల్లగుడ్డ కర్ర భుజానేసుకుని సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. సంగతంతా ఎవరో చెప్పారు, దీపం సంగతి కూడా. మామ వైపు ఒకసారి చూశాడు. మామ తల దించుకున్నాడు. బావ కర్రను సైకిలుకు ఆనించాడు. నేరుగా పటేళ్ల మధ్యకు వెళ్లి నిలబడి, "మీ పంచాది ఇంకో పంటకు పెట్టుకోండ్రి పటేలా. నాకు ఇంకో పంట లేదు" అన్నాడు. బావ నోట అంత పొడుగు మాట నేను అంతకుముందు వినలేదు. అక్కడున్న ఎవరూ విని ఉండరు. చిన్నపటేలు దిగి తన ట్రాక్టరు బ్యాటరీ మూత తానే విప్పాడు. పెద్దపటేలు ముందో వెనకో చూడకుండా ట్రాక్టరు తెచ్చి పక్కన ఆపాడు. రెండింటి మధ్యా ఒక మనిషి పట్టేంత సందు వదిలారు.

మామ తీగలు అందిస్తుంటే నేను బిగించాను. ట్రాక్టర్లు రెండూ దడదడలాడుతూ చాలాసేపు నడిచాయి. మెకానిక్ సాబు మీటరు చూసి చెయ్యి ఊపాడు, పైలట్ మీట నొక్కాడు, ముక్కు మీది రెక్క ఒకసారి బద్ధకంగా తిరిగి, దగ్గి, అందుకుంది. జనం ఈలలు వేశారు. విమానం మీద చల్లిన అక్షింతలన్నీ ఆ గాలికి వెనక్కి ఎగిరి చల్లినవాళ్ల కళ్లలో పడ్డాయి. నేను మాత్రం నేల మీద లేను. విమానానికి తీగ బిగించిన చేతులు గదా ఇవి, ఇక రేపో మాపో హైదరాబాద్ నుంచి కబురొస్తుంది, బేగంపేటలో నాకోసం ఒక స్టూలు వేసి ఉంచుతారు అని అక్కడికక్కడే ఒక జీవితం కట్టేసుకున్నాను. (ఆ కబురు ఇంకా రాలేదు.) అంతలో బావ వచ్చి భుజం తట్టి, "రెండో కొసన నిలవడుదువు, రా" అన్నాడు. ఆయన సైకిలు వెనక ఎక్కాను.

ఇంజిన్ ఆపితే మళ్లీ అందుకుంటుందో లేదోనని విమానం నడుస్తుండగానే మందు నింపారట. వరుస ప్రకారం దగ్గర పొలాలు ముందు. పటేళ్ల చెరుకు మీద చల్లింది, ఇంకా ఎవరెవరి చెరుకు మీదో చల్లింది. మా వంతు వచ్చేసరికి గాలి బాగా లేచింది. బావ ఒక కొసన, నేను ఒక కొసన కర్రలెత్తి నిలబడ్డాం. అక్క పిల్లనెత్తుకుని గట్టు మీద నిలబడింది. విమానం చెరుకు కొనలకు తగులుతుందేమో అన్నంత కిందికి వచ్చింది, దాని కడుపు కింద నుంచి మంచులాంటి మందు జారింది. జారిన మందు జారినట్టే గాలికి ఒరిగి పక్కనున్న బీడు మీద పడింది. మళ్లీ తిరిగొచ్చింది. మళ్లీ అంతే. ఆ రెండుసార్లూ మందు సరిగ్గా పడినది బావ మీద మాత్రమే. తల నుంచి కాళ్లదాకా తడిసిపోయాడు. మూడోసారి వస్తుందని చూస్తుంటే విమానం రెక్క ఒకవైపు వంచి, మద్నూర్ వైపు తిరిగి, చిన్నదైపోయింది. పిల్ల దానికి చెయ్యి ఊపింది. బావ కర్ర దించలేదు. అది కనిపించకుండా పోయిన తర్వాత కూడా అలాగే ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. అక్కే వెళ్లి ఆయన చేతిలోంచి కర్ర తీసుకుంది.

ఆ సాయంత్రం అక్క ఆయనకు కుంకుడుకాయలతో రెండు మూడుసార్లు తల రుద్ది నీళ్లు పోసినా ఆ వాసన పోలేదు. "ఇగ బావకు మాత్రం పురుగు పట్టదు" అని నేను నవ్వించబోయాను. ఎవరూ నవ్వలేదు. చెరుకు సంగతి చెప్పాల్సిన పని లేదు. పటేళ్ల పొలాలు తేరుకున్నాయి, బావది నల్లబడి, ఎండి, ఫ్యాక్టరీవాళ్లు చూసి పెదవి విరిచే స్థితికొచ్చింది. మిగిలినదాన్ని పశువులకు వేసి, మోళ్లకు నిప్పు పెట్టాడు. మామ ప్రతి ఆదివారం అరటిపండ్లో, మరమరాలో పట్టుకుని అక్క ఇంటికి వెళ్లేవాడు. అరుగు మీద కూర్చునేవాడు. ఏదో అనాలని నోరు తెరిచి, "ఎండలు ముదిరినయి" అనేవాడు. బావ "ఊ" అనేవాడు. ఇద్దరూ ఆ మాత్రం మాట్లాడుకున్నాక మామ తిరిగొచ్చేవాడు. దుకాణంలో ఆయన పాటలు పాడుతూ పనిచేసే మనిషి. ఆ పాటలు ఆగిపోయాయి. బుడగల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించేది కాదు, నాకు అది చాలా కష్టంగా ఉండేది.

బావ దుబాయి కాగితాలు వచ్చాయి. చలికాలపు పొద్దున బాన్సువాడ బస్టాండులో నిజామాబాద్ బస్సు నిలబడి ఉంది. అక్కడినుంచి రైలు, బొంబాయి, ఆ తర్వాత విమానం. మంచు కమ్మి ఉండటంతో డ్రైవరు ఇంజిన్ నడిపిస్తూ లైట్లు వేసే ఉంచాడు. అక్క ఏడవడం లేదు. ట్రంకుపెట్టె తాళం సరిగ్గా పడిందో లేదో అని మాటిమాటికీ లాగి చూస్తోంది. మామ కాస్త దూరంగా, తువ్వాల్లో ఏదో చుట్టి పట్టుకుని నిలబడ్డాడు. దూరం పోయేవాళ్ల బండి ముందు కొబ్బరికాయ కొట్టడం మా ఇంటి పద్ధతి, ఎప్పుడూ కొట్టేది మామే. ఆయన బస్సు ముందుకు వెళ్లాడు. తువ్వాలు విప్పాడు. కాయ పట్టుకున్న చెయ్యి పైకెత్తాడు. వెలుగుతున్న ఆ లైట్ల ఎదుట నిలబడి, ఎత్తిన చెయ్యి మెల్లగా దించేశాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ దించాడు. డ్రైవరు హారను కొట్టాడు.

బావ అప్పటికే బస్సెక్కి కూర్చున్నాడు. కిటికీలోంచి చూసి, లేచి, జనాన్ని తప్పించుకుని కిందికి దిగివచ్చాడు. మామ దగ్గరికి వెళ్లి కాయ పట్టుకున్న ఆయన మణికట్టు పట్టుకున్నాడు.

"కొట్టు మామా. ఇంజిన్ నడుస్తున్నది గదా, ఫికర్ లేదు."

మామ కొట్టాడు. కాయ సమంగా రెండు చెక్కలైంది. బావ ఒక చెక్క తీసుకుని బస్సెక్కాడు. నేను పగలబడి నవ్వాను. పుట్టి బుద్ధెరిగాక బావ ఆడిన మొదటి పరిహాసం అది, అంత మంచి మాట ఆ మనిషి ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకున్నాడా అని నాకు ఒకటే ఆశ్చర్యం. బస్సు బోధన్ రోడ్డు మలుపు తిరిగేదాకా నవ్వుతూనే ఉన్నాను. బావ మళ్లీ వచ్చేసరికి పిల్ల బడికి పోతోంది, ఆయన్ని చూసి తలుపు వెనక దాక్కుంది. కానీ ఆ పొద్దున అవేవీ తెలియకుండా, రోడ్డు మధ్యన కడుపు పట్టుకుని నవ్వుతున్న ఆ ఇరవయ్యేళ్లవాణ్ణి తలుచుకుంటే నాకిప్పుడు చిన్నగా నవ్వొస్తుంది. పక్కనే మామ నిలబడి ఏడుస్తున్నాడని కూడా చూసుకోలేదు వాడు.